పదో ప్రయత్నం

"మర్చిపోలేదండీ! ఎన్నిసార్లు చెప్పాలి? నేను మర్చిపోలేదు!"

టైపిస్టు అరచేత్తో బల్ల మీద కొట్టింది. కొట్టాక తనే ఉలిక్కిపడి, బల్ల మీదున్న డిస్కుకి ఏమైనా అయిందేమోనని రెండు చేతులూ అడ్డం పెట్టింది. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదా డిస్కు. దానికి అమర్చిన తాళం చెవితో తీసేది కాదు, పాస్‌వర్డ్‌తో తీసేది. పాస్‌వర్డ్ తప్పుకొడితే ఎన్ని అవకాశాలు మిగిలాయో కంప్యూటర్ తెర మీద అంకె పడుతుంది. పదిసార్లు తప్పు కొడితే లోపలున్నదంతా తనంతట తానే చెరిపేసుకుంటుంది. "పాస్‌వర్డ్ మర్చిపోయారా?" అని జాలిపడి అడిగే మీట ఎక్కడా లేదు. తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేస్తే, "మా వల్ల కూడా కాదండీ, అందుకే కదా జనం కొంటున్నారు" అన్నారు.

తెర మీద అంకె: రెండు.

నా వాచీలో ఒంటిగంట నలభై. నాలుగింటికి కోర్టులో తీర్పు. ఆవిడ మరిది అంబులెన్సు డ్రైవరు. తను పనిచేసే ఆస్పత్రి యజమానిని ఇంట్లోనే కొట్టి చంపాడని కేసు. బండి బ్రేకుల గురించి ఇద్దరూ గొడవపడ్డ మాట నిజం. ఆ సాయంత్రం ఆరూ పదికి అంబులెన్సు ఆ ఇంటి గేటు ముందు ఆగిన మాటా నిజం. ఏడింటికి యజమాని శవమై దొరికాడు. వచ్చేపోయేవాళ్ళని చూసిన ఒకే ఒక్క మనిషి గేటు దగ్గర వాచ్‌మన్. భయపడి మూడు నెలలు నోరు విప్పలేదు. పోయిన మంగళవారం ధైర్యం చేసి ఈ టైపింగ్ షాపుకొచ్చి కెమెరా ముందు కూర్చుని చెప్పాడు. గురువారానికి గుండె ఆగి పోయాడు. అతని మాటలు ఈ డిస్కులో తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు.

"వాచ్‌మన్ ఏం చెప్పాడో మీకు తెలుసు కదా" అన్నాను.

"తెలీకేం? మా చిన్నోడు ఆరూ ఇరవైకే వెళ్ళిపోయాడన్నాడు. ఆరున్నరకి అయ్యగారు స్వయంగా గేటు దగ్గరకొచ్చి తనతో మాట్లాడారన్నాడు. కానీ నా మాట ఎవరు వింటారు? వదినని కదా. మా ఆయన పోయినప్పుడు వాడికి పదకొండేళ్ళు. నా చేతి ముద్దలు తిని పెరిగాడు. వాడి కోసం నేను అబద్ధమాడనని ఏ జడ్జి నమ్ముతాడు చెప్పండి?"

నిజమే. నేనైనా నమ్మను. ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీల తరఫున డిటెక్టివ్‌గా అబద్ధాలు ఏరిన దాన్ని. అబద్ధం ఆడేవాళ్ళు వివరాలు ఎక్కువిస్తారు. ఈవిడ శుక్రవారం నుంచి ఒకటే ముక్క చెబుతోంది: నేను మర్చిపోలేదు. ఆ మొండితనమే నన్నిక్కడికి లాక్కొచ్చింది.

"మొదట్నించీ వద్దాం. మంగళవారం ఏమేం చేశారు? టైములతో చెప్పండి."

"తొమ్మిదిన్నరకి వీడియో మొదలుపెట్టాం. నేను, వాచ్‌మన్, మా చిన్నోడి తరఫు వకీలుగారు, అంతే. పది లోపు అయిపోయింది. వీడియో డిస్కులోకి ఎక్కించి పదీ పావుకి పాస్‌వర్డ్ పెట్టాను. రెండుసార్లు కొట్టమంది, రెండుసార్లూ కొట్టాను. ఒకటేనంది. కెమెరాలోది చెరిపేసి డిస్కు బీరువాలో పెట్టాను."

"కెమెరాలోది ఎందుకు చెరిపారు?"

"ఒకటే కాపీ ఉంటే ఎవరికీ దొరకదన్నారు వకీలుగారు. డిస్కు కూడా ఆయనే తెచ్చారు."

"పాస్‌వర్డ్ పెట్టాక ఒక్కసారైనా తెరిచి చూశారా?"

"లేదు. శుక్రవారం తీశాను. మూడుసార్లు కొట్టాను, కాదంది. మీకు కంగారుగా ఉంది, నేను చూస్తానని వకీలుగారు కూర్చున్నారు. మా ఆయన పేరనీ, మా అమ్మాయి పుట్టినరోజనీ ఐదుసార్లు కొట్టారు."

ఒళ్ళు మండింది. మనిషి నాకు గుర్తుందని మొత్తుకుంటుంటే వేరే పేర్లు కొట్టడమేమిటి? మొక్కుబడి సాయాలు ఇలాగే ఉంటాయి. ఇంటికి నిప్పంటుకుంటే చిల్లుబిందెతో వచ్చేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు.

"మీకు గుర్తున్నది రాసివ్వండి" అన్నాను.

ఆవిడ పెన్ను తీసుకోలేదు. కళ్ళు మూసుకుంది. ఒళ్ళో చేతుల వేళ్ళు కదిలాయి, అప్పుడు రాసింది. పన్నెండు అక్షరాలు.

"ఇప్పుడు వేళ్ళు ఎందుకు కదిపారు?"

"ముప్పై ఏళ్ళుగా కొడుతున్నానండీ. నాకు అక్షరాలు తల్లో ఉండవు, వేళ్ళలో ఉంటాయి. కీబోర్డు వంక చూస్తే స్పీడు పోతుందని మా మాస్టారు మొదటిరోజే కళ్ళకి గుడ్డ కట్టారు."

ఆ మాట దగ్గర ఆగాను. రెండుసార్లు కొట్టింది, రెండూ ఒకటే. వేలు జారితే ఒకసారి జారుతుంది. పన్నెండు అక్షరాల్లో రెండుసార్లూ ఒక్కచోటే ఒక్కలాగే జారదు. మరి ఆవిడ సరిగ్గా కొట్టి ఉండాలి, లేదా రెండుసార్లూ ఒకే పద్ధతిలో తప్పు కొట్టి ఉండాలి.

"పాస్‌వర్డ్ పెట్టాక, ఆ రోజు ఈ కీబోర్డు మీద ఏం కొట్టారు?"

ఆవిడ ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. "ఏదో... ఒక అద్దె ఒప్పందం."

"సరిగ్గా వచ్చిందా?"

"వచ్చింది."

ఇరవై రెండేళ్ళ అనుభవం వృథా పోదు. నాతో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది.

షాపంతా కలిపి ఒకటే గది. గోడవారన రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కిటికీ పక్కన జిరాక్సు మిషను. దాని వెనక బక్కపలచటి పెద్దాయన, అరవై దాటినవాడు, జిరాక్సాయన అంటారు అందరూ. మిషను కింద అట్టపెట్టెలో చెడిపోయిన కాగితాల కట్ట. వెనకవైపు చిత్తు రాసుకోడానికి దాచుకుంటారు. నేల మీద కూర్చుని కట్ట తిరగేశాను. పైన శనివారంవి, కింద శుక్రవారంవి. ఇరవై నిమిషాలకి మంగళవారం దాకా దిగాను.

ఒక కాగితం దొరికింది. ప్రింటరు పైన వేసిన టైము పది ముప్పై రెండు. ఇంగ్లీషులో ఒప్పందం. చూస్తే పిచ్చి రాత. కానీ పిచ్చిలోనూ ఒక పద్ధతి ఉంది. ఎడమచేతి వైపు అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. కుడిచేతివి మాత్రం ఒక్కొక్కటీ పక్క మీటది. పేజీ పొడుగునా అంతే, ఒక్కటీ తప్పకుండా.

కాగితం తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. తల దించుకుంది.

"చెప్పుకోడానికి సిగ్గేసిందండీ. చేత్తో రాసిన కాగితం చూస్తూ కొట్టాను. తెర వంక చూడలేదు. అలాగే ప్రింటు తీసి ఇచ్చాను. వచ్చినాయన చదివి పగలబడి నవ్వాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. కీబోర్డు చెడిందని చెప్పి, కొత్తది కొందామని మధ్యాహ్నం బజారుకెళ్ళాను. దొరకలేదు. తిరిగొచ్చేసరికి ఇది మామూలుగానే కొడుతోంది. నాకే ఏదో అయిందనుకున్నా. శుక్రవారం డిస్కు తెరుచుకోకపోయేసరికి..." కాగితం బోర్లా తిప్పేసింది. "నా బుర్ర పాడైపోతోందేమో అనుకున్నా. ఎవరికి చెప్పుకోను? నన్ను నమ్ముకుని వాడు జైల్లో కూర్చున్నాడు."

"మీ బుర్రకేం కాలేదు. లేవండి, కాసిని మంచినీళ్ళు తాగండి."

జిరాక్సాయన్ని షాపు వెనక సందులోకి పిలిచాను. రెండూ పదిహేను అయింది.

"ఆ కీబోర్డు సంగతి ఒకటి అడగాలి."

"నేను టీ పొయ్యలేదమ్మా!"

"టీ సంగతి నేనెత్తలేదే."

గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. పెద్దాయన గోడకి ఆనుకున్నాడు.

"చూడండి, నేను మీ ఉద్యోగం ఊడగొట్టడానికి రాలేదు. సోమవారం సాయంత్రం ఏం జరిగింది?"

"షాపు కట్టేసే టైమమ్మా. అమ్మ వెళ్ళిపోయింది. టీ గ్లాసు చెయ్యి జారింది. అంతకుముందు ఒకసారి అయింది, ఇంకోసారైతే ఇంటికి పొమ్మంది. మీటలన్నీ ఊడబీకి, తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి మళ్ళీ పెట్టేశా."

"ఏది ఎక్కడ పెట్టాలో మీకు తెలుసా?"

"అక్షరం కనపడినవి సరిగ్గానే పెట్టానమ్మా. కొన్నిటి మీద అక్షరాలు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. వాటిని అంచనాగా పెట్టా. మర్నాడు అమ్మ బజారుకెళ్ళినప్పుడు పక్క షాపు కీబోర్డు చూసొచ్చా. రెండు మీటలు అటూ ఇటూ అయ్యాయి. గీత ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. మార్చేశా."

"ఆవిడ వచ్చాక చెప్పలేదు."

"దానంతటదే బాగుపడిందమ్మా అన్నా." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దానికీ చిన్నబాబు కేసుకీ సంబంధమేంటమ్మా? ఆయన్ని నేను ఎత్తుకు తిప్పాను."

జవాబు చెప్పే లోపలే షాపులోంచి గట్టిగా ఒక మగగొంతు వినిపించింది. తెలిసిన గొంతే. పరుగెత్తాను.

ఈ కేసు దర్యాప్తు చేసిన ఇన్‌స్పెక్టర్ టైపిస్టు కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. ఆవిడ చేతులు కీబోర్డు మీద ఉన్నాయి. తెర మీద ఎర్రటి వరుస ఒకటి మెరిసి ఆగింది. దాని కింద అంకె: ఒకటి.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం చేశారు మీరు?"

"రండి జలగగారూ" అన్నాడు. పట్టుకుంటే వదలనని డిపార్టుమెంటులో నాకు పెట్టిన పేరది. "గుర్తుంది, గుర్తుంది అంటోంది కదా, నా కళ్ళముందు కొట్టమన్నా. కొట్టింది. రాలేదు. వీడియో లేదు, గీడియో లేదు. తీర్పు వాయిదా వేయించడానికి వదినా మరిదీ ఆడుతున్న నాటకం ఇది. మూడింటికల్లా డిస్కు స్వాధీనం చేసుకుని రమ్మని కోర్టు ఆర్డరు. ఇదిగో."

"ఉన్న రెండిట్లో ఒకటి తగలేశారు!"

"లేనిదాన్ని తగలెయ్యడమేంటి?"

"మూడు నెలల్లో ఆ వాచ్‌మన్‌ని ఎన్నిసార్లు అడిగారు మీరు?"

"ఒకసారి. ఏమీ చూడలేదన్నాడు."

"గేటు దగ్గర కూర్చోడమే పనైన మనిషి ఏమీ చూడలేదంటే నమ్మి రాసుకుని వచ్చేశారు. ఈవిడ గుర్తుందంటే మాత్రం నాటకం. బాగుందయ్యా మీ లెక్క!"

అతని దవడ బిగుసుకుంది. మనిషి మొరటు, నిజమే. లంచగొండి మాత్రం కాదు. అది తెలుసు కాబట్టే నాకు అతని మీద మరీ కోపం.

"మూడింటి వరకూ టైముందన్నారుగా. ఇప్పుడు రెండున్నర. అరగంట నాది. ఆ కుర్చీలో కూర్చోండి, కీబోర్డు ముట్టుకోకండి" అన్నాను.

ఏమనుకున్నాడో, కూర్చున్నాడు.

టైపిస్టుని పిలిచాను. "చూడకుండా కొట్టేవాళ్ళు వేళ్ళు ఎక్కడ పెట్టాలో ఎలా తెలుసుకుంటారు?"

"రెండు మీటల మీద చిన్న గీతలుంటాయండీ. చూపుడువేళ్ళకి తగులుతాయి. ఎడమదొకటి, కుడిదొకటి. అవి తగిలితే చాలు, మిగతావి వేళ్ళకి తెలుసు."

"కుడిచేతి గీత ఒక మీట పక్కకి జరిగితే?"

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టర్‌కి ముందు అర్థమైంది. కుర్చీలో ముందుకి వంగాడు.

"కుడిచెయ్యి మొత్తం ఒక మీట పక్కకి జరుగుతుంది" అన్నాను. "ఒప్పందం పాడైతే కాగితం మీద కనపడింది. పాస్‌వర్డ్ కొడితే చుక్కలు తప్ప ఏం కనపడతాయి? రెండుసార్లు కొట్టారు, రెండుసార్లూ చెయ్యి అక్కడే ఉంది. ఒకటేనంది. మీరు మర్చిపోలేదమ్మా. అసలు మీకు తెలిసిన పాస్‌వర్డ్ డిస్కుకి ఎప్పుడూ చెప్పనే లేదు."

గుమ్మంలో నిలబడ్డ జిరాక్సాయన రెండు చేతులూ జోడించాడు. "తప్పు నాదేనమ్మా. టీ నేనే పోశా."

ఆవిడ అతని వంక చూసింది. తిడుతుందనుకున్నా. "ముందే చెప్పుంటే ఏం పోయేది బాబాయ్!" అని ఏడుస్తూనే నవ్వేసింది. అలాంటి నవ్వు నేను చూళ్ళేదు.

"ఇప్పుడు రెండు మీటలూ ఆ రోజు ఎలా పెట్టారో అలాగే పెట్టండి" అన్నాను అతనితో.

గోళ్ళతో ఊడదీసి, అటుదిటూ ఇటుదటూ నొక్కాడు. నేను కాగితం మీద అక్షరాలు పక్కకి జరిపి రాసుకుని ఆవిడ చేత చూసి కొట్టించొచ్చు. కానీ కుడిచేతిది ఏది, ఎడమచేతిది ఏది అని తర్జనభర్జన పడి ఒక్కటి తప్పినా అంతే సంగతులు. ఆ వేళ్ళకంటే నమ్మదగ్గది ఆ గదిలో ఇంకేదీ లేదు.

"వేరే కాగితం మీద ఒకసారి కొట్టి చూస్తారా?"

"వద్దండీ" అంది. "ఆలోచిస్తే చెడుతుంది."

రెండూ యాభై రెండు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. కళ్ళు మూసుకుంది. చూపుడువేళ్ళు గీతల కోసం తడిమి ఆగాయి. "ఆ రోజు కూడా చేతులు కాస్త ఎడంగా ఉన్నట్టు అనిపించింది. భుజం నొప్పనుకున్నా" అని గొణిగింది.

పన్నెండు చప్పుళ్ళు. మౌస్ జరిపి నొక్కింది. కళ్ళు తెరవలేదు.

తెర మీద ఎర్రటి వరుస రాలేదు. ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. అందులో ఒకే ఒక్క ఫైలు.

"వచ్చిందా?" అంది కళ్ళు మూసుకునే.

"వచ్చిందమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆవిడ చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఈ వృత్తిలో ఇలాంటి క్షణాలు ఏడాదికొకటి దొరికితే గొప్ప. ఆ ఆనందంలోనే జీవితంలోకెల్లా పెద్ద తెలివితక్కువ పని చేశాను. "మీ వకీలుగారికి ఫోన్ చేసి చెప్పండి, జడ్జిగారి చెవిన ముందే ఓ మాట వేస్తారు" అన్నాను.

ఆవిడ చేసింది. "వకీలుగారూ, దొరికిందండీ! తెరుచుకుంది! అవునండీ, డిటెక్టివ్ మేడమ్, ఇన్‌స్పెక్టర్‌గారు అంతా ఇక్కడే... ఇంకా చూళ్ళేదండీ, ఇప్పుడే పెడుతున్నాం... మొత్తమా? ఆఁ, మొత్తం చూస్తాం." ఫోను పెట్టేసి, "ఎంత సంతోషపడ్డారో, మాట కూడా రాలేదు పాపం" అంది.

ఇన్‌స్పెక్టర్ ముందు ఫైలుని తన దగ్గరున్న డిస్కులోకి కాపీ తీసుకున్నాడు. తరవాత వీడియో పెట్టాం.

వాచ్‌మన్ ఈ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. తెల్లటి గడ్డం, మోకాళ్ళ మీద చేతులు. ఆవిడ చెప్పినట్టే చెప్పాడు. ఆరూ పదికి అంబులెన్సు వచ్చింది. ఆరూ ఇరవైకి వెళ్ళిపోయింది. ఆరున్నరకి అయ్యగారు గేటు దాకా వచ్చి, దీపాలు వేయమని చెప్పి లోపలికెళ్ళారు. ఇన్‌స్పెక్టర్ ప్రతి టైమూ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ, "మీ మరిది ఇంటికొస్తాడమ్మా" అన్నాడు, తల ఎత్తకుండానే.

వీడియోలో వకీలు గొంతు వినిపించింది, కెమెరా పక్కనుంచి: "ఆ తరవాత ఎవరైనా వచ్చారా?"

వాచ్‌మన్ చూపు కెమెరా పక్కకి, ఆ గొంతు వైపు వెళ్ళింది. "గుర్తులేదు బాబూ."

"చాలు. మంచిది. నాకో ఫోనుంది, వస్తా." తలుపు చప్పుడు. టైపిస్టు గొంతు: "మీరు చాలా అలిసిపోయారు, నీళ్ళు తెస్తానుండండి." మళ్ళీ తలుపు చప్పుడు.

"ఇక్కడికి అయిపోయింది" అంది టైపిస్టు. "నేను తిరిగొచ్చి కెమెరా ఆపేశాను."

"అప్పటిదాకా కెమెరా నడుస్తూనే ఉందన్నమాట. తరవాత మీరు ఇది చూశారా?"

"లేదండీ. గొంతు వినిపిస్తోందా అని మొదట్లో ఒక నిమిషం చూశానంతే."

తెర మీద ముసలాయన కదిలాడు. తలుపు వైపు చూశాడు. కుర్చీ ముందుకి జరుపుకుని, కెమెరాలోకి వంగి, గొంతు తగ్గించి గబగబా మాట్లాడాడు.

"అమ్మా, ఇది నువ్వు చూస్తావు కదా. ఆయన ఎదురుగా చెప్పలేకపోయాను. ఆరూ నలభైకి నేను గేటు తీసింది ఆయనకే. ఇప్పుడు ఫోనని బయటికెళ్ళాడే, మీ వకీలు, ఆయనకే. అయ్యగారు ఆయనతో గట్టిగా అరుస్తుంటే విన్నాను. ఇవాళ ఇక్కడ చూసేదాకా ఆయనెవరో నాకు తెలీదు. నన్ను గుర్తుపట్టాడమ్మా. మీ పిల్లాణ్ణి ఆయన చేతిలో పెట్టకు."

నీళ్ళ గ్లాసు తెర మీదకి వచ్చింది. వీడియో ఆగిపోయింది.

శుక్రవారం పోయిన ఎనిమిది అవకాశాల్లో ఐదు ఎవరు పాడుచేశారో, ఒకటే కాపీ ఉంచమన్నది ఎవరో, అంతా వరసగా నా కళ్ళముందు తిరిగింది. ఇవన్నీ ఆవిడ నాకు ఒంటిగంట నలభైకే చెప్పింది. మొక్కుబడి సాయమనుకుని పక్కన పెట్టేశాను. పైగా ఫోన్ చెయ్యమన్నది నేను.

"మీ మరిది ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాను.

"జైల్నించి కోర్టుకి తెచ్చేశాం." ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోను చెవికి పెట్టుకున్నాడు. "కింద గదిలో ఉంచాం. నా కానిస్టేబులున్నాడు." అవతల పలికేసరికి ఫోను బల్ల మీద పెట్టి, గొంతు అందరికీ వినపడేట్టు చేశాడు. "ఖైదీ దగ్గర ఎవరున్నారు?"

"వకీలుగారు సార్. పది నిమిషాలైంది. తీర్పుకి ముందు ఏకాంతంగా మాట్లాడాలన్నారు. రూలే కదా సార్, నేను బయట నిలబడ్డా."

"తలుపు తియ్. ఇప్పుడే!"

బూట్ల చప్పుడు. తలుపు బాదుతున్న చప్పుడు, ఒకసారి, రెండోసారి.

"సార్... లోపల గడియ వేసుకున్నారు సార్. పిలుస్తుంటే ఇద్దరూ పలకట్లేదు."

టైపిస్టు అప్పటికే గుమ్మం దాటింది. చెప్పులు కూడా వేసుకోలేదు.